పాయింట్లు బిగుసుకున్నాయి, అన్నయ్య రావడం మానేశాడు

ఈసారి ఉత్తరం పెద్దది. పేరు వేయొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయనకీ వాళ్ల అన్నయ్యకీ చిన్నప్పటి నుంచి రైళ్ల పిచ్చి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక తమ్ముడి ఇంట్లో ఖాళీగా ఉన్న గదిలో ఇద్దరూ కలిసి హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు రైలులో 87వ వంతు సైజులో, మోడల్ రైల్వే మొదలుపెట్టారు. బల్ల తయారీ, పట్టాలు, బల్ల కింద వైరింగు అన్నయ్యవి. కొండలు, చెట్లు, స్టేషను, ఊరు తమ్ముడివి. అంతవరకే అనుకున్నారు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నది మాట్లాడుకోలేదు. రైళ్లు తిరగడం మొదలయ్యాక అన్నయ్యకు ఇక దేనికీ తొందర లేకపోయింది. సెలవు రోజున వచ్చి, బోసి ప్లైవుడ్ మీదే రైళ్లు నడుపుకుని, సంతోషంగా వెళ్లిపోయేవారు. తమ్ముడికేమో ఆ చెక్కను చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

అన్నయ్య ఊళ్లో లేని రోజులు చూసి, సర్‌ప్రైజ్ చేద్దామని తమ్ముడు పనిలోకి దిగారు. స్టేషను ముందున్న పట్టాలన్నిటికీ కంకర పోసి, నీళ్లు కలిపిన జిగురు పట్టించారు. మూలన ఉన్న వంపు మీద ప్లాస్టరుతో కొండ, సొరంగం కట్టారు. కిట్ తెచ్చి స్టేషను భవనం అతికించారు. యార్డు నిండా గడ్డి నాటారు. మర్నాటికి రెండు పాయింట్లు, అంటే రైలును ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించే కదిలే భాగాలు, కదలడం మానేశాయి. పొడవాటి రైలు పెట్టెలు సొరంగం నోటికి గీసుకుంటున్నాయి. స్టేషను కిటికీలు మసకబారిపోయాయి. అన్నయ్య వచ్చి చూసి, పవర్ ఆపేసి, "ఇది రైల్వేనా, బొమ్మరిల్లా? నువ్వే ఉంచుకో" అని గది తాళం చేతిలో పెట్టి వెళ్లిపోయారు. నెల దాటింది. ఫోన్ చేస్తే అన్ని విషయాలూ మాట్లాడతారు, రైళ్ల ఊసెత్తితే మాట మార్చేస్తారు.

తమ్ముడు అడుగుతున్నది: "ఆయన మళ్లీ వచ్చేలోగా అంతా పీకేసి మొదట ఉన్నట్టు చేసేయనా? లేక ఆయన పట్టాలు ఆయనకిచ్చేసి నేను వేరేగా పెట్టుకోనా? అసలు ఈ సీనరీ పిచ్చే వదిలేయనా?" చివర్లో ఒక మాట విడిగా రాశారు: "నిజం చెప్పాలంటే అన్నయ్య పట్టాలు మరీ ఎక్కువ వేశాడు. ఊరికి చోటే లేదు. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు."

సమాధానం:

ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం అచ్చయ్యేలోపే మీరు ఆ పని చేసేస్తారేమోనని నాకు భయంగా ఉంది. ఆయన రాకముందే అంతా పీకేయాలన్నది మూడింటిలోనూ అన్నిటికన్నా ప్రమాదకరమైన ఆలోచన. మీ అన్నయ్యకు కోపం వచ్చింది కంకర మీద కాదు, కొండ మీదా కాదు. తను లేనప్పుడు తన పట్టాల మీద చెయ్యి వేశారని. ఇప్పుడు బాగుచేయడానికే అయినా, ఆయనకు చెప్పకుండా మళ్లీ చెయ్యి వేస్తే అదే పని రెండోసారి చేసినట్టు. బాగుపడితే "చూశావా, నేనే సరిచేశాను" అని మీరు మురిసిపోతారు. బాగుపడకపోతే, పాయింటు విరిగితే, ఇక ఏమీ మిగలదు. జిగురు ఎక్కడికీ పారిపోదు. ఇన్నాళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

ఇప్పుడు పాయింట్ల సంగతి. ఏం జరిగిందో మీకు అర్థమైతే ఆయనకు చెప్పడం తేలిక. కంకర అతికించే జిగురులో మీరు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపానని రాశారు. అది సరైన పద్ధతే, అందరూ చేసేదే. లిక్విడ్ నీటి తలతన్యతను తగ్గిస్తుంది, జిగురునీళ్లు రాళ్ల మీద ముత్యాల్లా నిలబడకుండా సందుల్లోకి ఇంకుతాయి. చిక్కల్లా, ఎక్కడ ఇంకాలో వాటికి తెలియదు. స్లీపర్ల కిందుగా పాకి, పాయింటులో అటూ ఇటూ కదిలే పట్టా ముక్కలు, అంటే బ్లేడ్లు, రెండింటినీ కలిపే అడ్డకడ్డీ కిందికీ, బ్లేడు మడత దగ్గరికీ చేరి అక్కడ ఎండిపోయాయి. మీరు పాయింటు మీద ఒక్క చుక్క వేయకపోయినా, పక్కన వేసింది చాలు.

మీరు వాడింది మామూలు తెల్లజిగురైతే ఇది చాలావరకు బాగయ్యే జబ్బే, ఎండిన తర్వాత కూడా గోరువెచ్చని నీటికి మెత్తబడుతుంది. నీటికి తట్టుకునే రకమైతే కష్టం, పాయింట్లు మార్చాల్సి రావచ్చు. సీసా మీద ఏం రాసుందో చూడండి, చూసి ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి. మార్చాల్సి వస్తే ఆ ఖర్చు మీదే. ఇందులో చర్చ లేదు.

ఇద్దరూ కూర్చున్నాక చేయాల్సింది ఇది. పవర్ తీసేయండి. బల్ల కింద పాయింటు మోటారు ఉంటే విప్పండి, కుదరకపోతే పీల్చుకునే గుడ్డ అడ్డం పెట్టండి, లేకపోతే పైన పోసిన నీళ్లన్నీ మోటారులోకే దిగుతాయి. గోరువెచ్చని నీళ్లు చుక్కలుగా వేసి, తడిగుడ్డ కప్పి, పావుగంట వదిలేయండి. తెల్లగా పాలలాగా ఊరితే జిగురు వదులుతున్నట్టు. టూత్‌పిక్‌తో రాళ్లు ఒక్కొక్కటీ ఏరాలి. అడ్డకడ్డీని పట్టుకుని లాగొద్దు, దాని బుల్లి పిన్ను ఊడొస్తే పాయింటు పోయినట్టే. బ్లేడును వేలితో నెమ్మదిగా అటూ ఇటూ తోస్తూ ఉంటే ఏదో ఒక క్షణంలో టిక్కుమని కదులుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. కదులుతోంది కదా అని సంబరపడకండి. బ్లేడు పట్టాకు ఆనే చోట కంటికి కనిపించని జిగురు పొర మిగిలితే కరెంటు అందదు, ఇంజను సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. ఆ పొర మీ అన్నయ్య కంట్లో తప్పకుండా పడుతుంది. ఆయన చూసే చూపు అలాంటిదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

మళ్లీ కంకర వేసేటప్పుడు అడ్డకడ్డీ చుట్టుపక్కల అసలు వేయకపోవడమే మేలు. ముందే అక్కడి చెక్కకు కంకర రంగు పూసేస్తే ఖాళీ కనబడదు. స్లీపర్ల పైఅంచు దాటి ఒక్క రాయి లేచినా చక్రం ఎక్కుతుంది, కాబట్టి పొడిగా ఉండగానే మెత్తటి బ్రష్షుతో సర్ది, వేలి వెనక భాగంతో తడిమి చూసి, అప్పుడు జిగురు వేయండి. ఇసుకా మట్టీ బయటినుంచి తెచ్చుకుంటానని రాశారు. అలా తెచ్చుకున్నవి వాడేముందు జల్లించి, వాటి మీద ఒక అయస్కాంతం తిప్పండి. ఇనుప రేణువులు లేచి అంటుకుంటే అవి అంతకుముందు వరకూ ఇంజను మోటారులోకి పోవడానికి సిద్ధంగా ఉన్నవే.

సొరంగం తప్పు ప్లాస్టరుది కాదు, వంపుది. పొడవాటి పెట్టె వంపు తిరిగేటప్పుడు నడుము లోపలికి వస్తుంది, మూలలు బయటికి పోతాయి. తిన్నని పట్టా మీద సరిపోయిన ద్వారం వంపు మీద సరిపోదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా పొడవైన పెట్టెకు నడుము దగ్గర ఒక పెన్సిలు, మూల దగ్గర ఒక పెన్సిలు టేపుతో అతికించి చేత్తో నెట్టుకుంటూ పోతే బల్ల మీద రెండు గీతలు పడతాయి. ఆ గీతల మధ్య భాగం రైలుది, దానికి ఇంకాస్త ఖాళీ కలుపుకుని ఆ బయటే గోడ. ఈ పరీక్ష కొండ కట్టకముందు చేయాలి, కట్టాక చేసినా కనీసం ఎంత కొయ్యాలో తెలుస్తుంది. కొండను పూర్తిగా పడగొట్టక్కర్లేదు, సొరంగం ముఖం వరకు కోసి వెడల్పు చేయొచ్చు. కోసేముందు ఇంజన్లన్నీ గది బయటికి పంపి, పట్టాల మీద మాస్కింగ్ టేపు అంటించి, రెండో చేత్తో వాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టుకోండి. ప్లాస్టరు దుమ్ము పాయింట్లలోకి దిగితే మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో మాట, ఆ కొండకు వెనకాల చెయ్యి దూరేంత తలుపు ఉందా? ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. రైలు పట్టాలు తప్పేది ఎక్కడో కాదు, చెయ్యి అందని చోటే.

ఇక అసలు చిక్కు. ఆయన "బొమ్మరిల్లా" అన్న మాట మీకు బాగా గుచ్చుకుంది, ఉత్తరంలో ఆ మాట నాలుగు చోట్ల వచ్చింది. కానీ ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. బల్ల కింద వెల్లకిలా పడుకుని చేసిన వైరింగు ఎవరికీ కనబడదు. మీరు చేసేది గదిలో అడుగుపెట్టిన ప్రతివాడికీ కనబడుతుంది, మెచ్చుకోలూ మీకే వస్తుంది. పైగా మీ పని ఆయన పనిని కప్పేస్తుంది. కంకర పోశాక ఒక పట్టా జాయింటు వదులైతే ఆయన ఎలా చేరుకోవాలి? ఈ ప్రశ్న మీరు ఆయన్ని ఎప్పుడైనా అడిగారా?

మరోవైపు, సీనరీ అంటే బొమ్మలాట అన్న ఆయన అభిప్రాయం కూడా నిలబడదు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ అనే ఆయన కట్టిన మోడల్ రైల్వే లేఅవుట్‌లో కొండలు నేల నుంచి పైకప్పు దాకా ఉండేవి. అదే లేఅవుట్ మీద స్నేహితులతో కలిసి టైమ్‌టేబుల్ ప్రకారం, వేగంగా తిరిగే గడియారం పెట్టుకుని రైళ్లు నడిపేవాడు. సీనరీకీ, రైళ్లు నడపడానికీ రెండింటికీ ఆయన్నే గురువంటారు. 1973లో ఆయన పోయిన కొద్దిరోజులకే అది మంటల్లో కాలిపోయింది, ఫొటోలు మిగిలాయి. మీ ఇద్దరికీ ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే హాంబర్గ్‌లో 2001 ఆగస్టులో తెరిచిన మినియాటూర్ వుండర్‌లాండ్. ఆ మోడల్ రైల్వే ప్రదర్శన మొదలుపెట్టినవాళ్లు బ్రౌన్ సోదరులు, కవలలు. ఒకరు ఊహల మనిషి, ఇంకొకరు సాంకేతికాల మనిషి. వాళ్లు ఎన్నిసార్లు పోట్లాడుకున్నారో ఎవరూ లెక్క రాయలేదు గానీ, వెయ్యికి పైగా రైళ్లు తిరుగుతున్నాయి.

మీ ముందున్న దారులు చూద్దాం.

వేరుపడటం ఒకటి. దీన్ని ఓటమిగా చూడకండి, గౌరవంగానే చేయొచ్చు. గోడ వెంట మీటరు పొడవు, ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పు పలక, దాని మీద ఒకే పట్టా, ఒక చిన్న స్టేషను, మిగతా అంతా మీ ఇష్టం. ఎవరినీ అడగక్కర్లేదు, పాడైతే మీదే పాడవుతుంది. సీనరీ చేయి తిరగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. నష్టం కూడా ఉంది. రైలు మీటరు నడిచి ఆగిపోతుంది, కొన్నాళ్లకు మీరు దాన్ని చూడటమే తప్ప నడపరు. అన్నయ్యకు మీ గదికి రావడానికి కారణం ఉండదు. అయితే పలక ఎత్తూ, చివర పట్టా ఉండే చోటూ ఆయన బల్లకు సరిపోయేలా పెట్టుకుంటే ఏదో ఒకనాడు కలుపుకునే వీలుంటుంది. కలపాలని ఆయనే అడిగేవరకు మీరు అడగొద్దు.

సీనరీ మానేయడం ఇంకొకటి. మీరు మానేయలేరు. దాని గురించి ఇంత చాలు.

మూడోది, కష్టమైనా నేను మొగ్గేది, ఒకే బల్ల మీద సరిహద్దు గీసుకోవడం. తిన్నని పట్టాల మీద మధ్యగీత నుంచి అటూ ఇటూ ఐదు సెంటీమీటర్లు, వంపుల మీద ఇందాక చెప్పిన పెన్సిలు గీతల వరకు ఆయన రాజ్యం. అక్కడ కంకర వేయాలన్నా ఆయన సమక్షంలోనే. ప్లాట్‌ఫారం మాత్రం అంతకన్నా దగ్గరికి రాక తప్పదు, అది ఇద్దరూ కలిసి, పెట్టె నిలబెట్టి చూసుకుని వేయాలి. సరిహద్దు అవతల మీది, కానీ ఒక షరతు మీద. బల్లకు ఏదీ శాశ్వతంగా అతికించకూడదు. ప్రతి భవనం, ప్రతి వీధి, వీలైతే ఆ కొండ కూడా, విడి పలకల మీద కట్టి బల్ల మీద కూర్చోబెట్టాలి. వైరు తెగితే ఆయన ఒక వీధిని ఎత్తి పక్కన పెట్టి, పని చూసుకుని, మళ్లీ పెట్టేయగలగాలి.

దీనికి మీరు కట్టే మూల్యం అతుకులు. రెండు పలకలు కలిసే చోట గీత కనబడుతుంది. రోడ్డు అంచు, ప్రహరీ గోడ, పొదల వరుస అక్కడికి వచ్చేలా ముందే గీసుకుంటే చాలావరకు దాగుతుంది, పూర్తిగా దాగదు. ఒకటే పెద్ద లోయ, ఒకటే పెద్ద నది లాంటివి ఈ పద్ధతిలో కష్టం. లాభమేమిటంటే మీరు పలకను మీ టేబుల్ మీదికి తెచ్చుకుని, వెలుతురులో, నడుం వంచకుండా పని చేసుకోవచ్చు. ఒంపిన జిగురు ఆయన పట్టాల మీద పడదు.

ఆ దారిలో మొదటి మెట్టు అట్టముక్కలు. నిజం భవనాలు కట్టేముందు, అదే కొలతలకు బూడిదరంగు అట్టతో డబ్బాలు చేసి బల్ల మీద పెట్టండి. తలుపు ఎత్తు గీయండి. హెచ్‌ఓ 1:87 కాబట్టి రెండు మీటర్ల తలుపు 23 మిల్లీమీటర్లు, మనిషి సుమారు 20. కొన్ని వారాలు అలాగే ఉంచండి. ఆయన రైళ్లు నడుపుకుంటారు, చెయ్యి తగిలే చోట డబ్బాను జరుపుతారు. అలా జరిపారంటే మీ ఊరి ప్లానులో ఆయన కూడా వేలు పెట్టినట్టే, ఆ సంగతి మీరు పైకి అనకండి. చూడటానికి అందంగా ఉండదు, మీకు అసహనం పుడుతుంది. భరించండి.

మీరు దాచుకున్న మాట, పట్టాలు ఎక్కువయ్యాయన్నది, ఇప్పుడు అనొద్దు. తాళం తిరిగిచ్చిన మనిషికి చెప్పే మొదటి మాట అది కాకూడదు. పైగా చోటు లేదన్నది సగమే నిజం. వెనక గోడకు ఆనించి రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉండే ముఖం మాత్రం ఉన్న భవనాలు పెట్టొచ్చు, ముందు నుంచి చూసేవాడికి మొత్తం వీధి ఉన్నట్టే ఉంటుంది. పట్టాలకూ వెనకాలకూ మధ్య రాతి గోడ లేపి ఊరిని పైమెట్టు మీద పెట్టొచ్చు. వెనక తెరకు రంగులు వేసేటప్పుడు దూరం పోయేకొద్దీ పాలిపోయిన నీలిబూడిదలోకి దింపండి, చోటు దానంతటదే పెరిగినట్టు అనిపిస్తుంది. మరీ పట్టాలు గుంపుగా ఉన్నచోట పైనుంచి ఒక రోడ్డు వంతెన వేస్తే కన్ను రెండు ముక్కలుగా చూస్తుంది.

పట్టాల సంఖ్య మాట ఎప్పటికైనా రావాలంటే అది ఆయన నోటి నుంచే రావాలి. దానికి ఒక మార్గముంది. ఆయనకు రైళ్లు నడపడం ఇష్టం. సరే, ఆ రైళ్లు ఎక్కడికి వెళ్తున్నాయి? ఆయన వేసిన సైడింగుల్లో, అంటే వ్యాగన్లు నిలబెట్టే పక్క పట్టాల్లో, ఒకదాని చివర గోడౌను ఒకటి, దాని ముందు లోడింగు ప్లాట్‌ఫారం అట్టతో పెట్టి, "ఇక్కడికి రోజుకు రెండు వ్యాగన్లు రావాలి, ఖాళీవి తిరిగి పోవాలి" అని చీటీ రాసి పెట్టండి. గుండ్రంగా తిరిగే రైలుకు పని దొరుకుతుంది. అలా నడుపుతున్నకొద్దీ ఏ సైడింగు అక్కర్లేదో ఆయనకే తెలుస్తుంది. తెలియకపోతే అన్నీ కావాలన్నమాట, అప్పుడు మీరే సర్దుకోవాలి.

ఆయనతో ఏమనాలి అంటారా? సీనరీ చేసినందుకు క్షమాపణ చెప్పొద్దు, అది అబద్ధమని ఆయనకు తెలుస్తుంది. "నువ్వు లేనప్పుడు నీ పట్టాల మీద చెయ్యి వేయకుండా ఉండాల్సింది. పాయింట్లు ఇంకా ముట్టుకోలేదు. నువ్వొస్తే కలిసి విప్పుదాం, లేదంటే నువ్వు చెప్పినట్టే చేస్తాను." ఇంతే. వాట్సాప్‌లో వ్యాసం రాయొద్దు. తాళం పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టి ఈ మూడు ముక్కలూ చెప్పి, వేరే కబుర్లలో పడండి. వెంటనే రాకపోవచ్చు. రమ్మని మళ్లీ మళ్లీ అడిగితే మొహమాటానికి వస్తారు, మొహమాటంతో పాయింటు విప్పితే చిరాకు పాయింటు మీద చూపిస్తారు. "నువ్వే పీకెయ్" అంటే మాత్రం పీకేయండి, ఏది ఎంతవరకు పీకాలో ఆయన చేతే చెప్పించుకుని.

ఆయన అసలు రానంటే, ఇందాకటి మీటరు పలక ఉండనే ఉంది. ఆయన బల్ల మీద గుడ్డ కప్పి ఉంచండి. ఎవరికీ అమ్మకండి.

మిగిలినవి చిన్నవి. స్టేషను కిటికీలు మసకబారింది సూపర్‌గ్లూ ఆవిరి వల్ల, పారదర్శకమైన ప్లాస్టిక్కు దగ్గర అది ఎప్పుడూ అంతే. గోడౌనైతే దుమ్ము పట్టిన అద్దాలని సరిపెట్టుకోవచ్చు, స్టేషనుకు బాగోదు. పైకప్పు ఇంకా అతికించకపోతే లోపలినుంచి కొత్త షీటు కోసి తెల్లజిగురు చుక్కలతో పెట్టుకోండి. అతికించేసి ఉంటే ఈ భవనాన్ని వెనక వరసలోకి పంపండి. ఇకమీదట ఏ భవనానికీ పైకప్పు అతికించొద్దు, రేపు దీపం పెట్టాలన్నా లోపలికి చెయ్యి పోవాలి.

మీరు పంపిన ఫొటో చూస్తే ఆ స్టేషను గోడకూ నేలకూ మధ్య సన్నటి నల్లటి చీలిక కనబడుతోంది. భవనం గాలిలో తేలుతున్నట్టుంది. దాన్ని నేల మీద కాక నేలలో కూర్చోబెట్టాలి. పునాది చుట్టూ రెండు మిల్లీమీటర్ల మట్టి లేపి, గోడ కిందిభాగానికి అదే మట్టిరంగు పలచగా పూయండి. ఫోన్ కెమెరాను బల్ల మీదికి దించి, రెండు సెంటీమీటర్ల మనిషి కంటి ఎత్తులో ఫొటో తీసి చూస్తే ఇలాంటివన్నీ బయటపడతాయి. మీరు కుళ్లుకుంటున్న ఇతరుల ఫొటోలు కూడా ఆ ఎత్తు నుంచి తీసినవే, వాళ్ల అతుకులు ఫ్రేము బయట ఉంటాయి.

గడ్డి ఎందుకు వెగటుగా ఉందని అడిగారు. యార్డంతా ఆరు మిల్లీమీటర్ల పొడవున్న గడ్డి నార వాడారు. 1:87 లెక్కన అది అర మీటరు పైమాట, మోకాలు దాటే గడ్డి. రైళ్లు నడిచే స్టేషనులో అంత పెరగనివ్వరు. పట్టాల దగ్గర రెండు మిల్లీమీటర్లది, అక్కడక్కడా నాలుగు, ఆరు మాత్రం ప్రహరీ మూలల్లో, ఎవరూ నడవని చోట. మూడు రంగులు కలిపి చల్లండి, ఒక్క పచ్చరంగు డబ్బా ఖాళీ చేయకండి.